బుధవారం ఆడవాళ్ళు

నెల్లూరు,
6-8-1962

ప్రియమైన శేషూ,

నీ ఉత్తరం వచ్చి మూడు నెలలైంది. జవాబు రాయలేదని తిట్టుకుని ఉంటావు. తిట్టుకో, నాకు తగిందే. ఇప్పుడు కూడా పనిబడి రాస్తున్నాను. అది ముందే ఒప్పుకుంటే తర్వాత నీ నోట వినే బాధ తప్పుతుంది.

మా ఆసుపత్రికి ఏసుమణి అని కొత్త డాక్టరమ్మ వచ్చింది. రాయవేలూరులో చదివింది. నాకంటే పదేళ్ళు చిన్నది, కానీ ఆమె ముందు నేను వేలెడంత పిల్లనైపోతాను. వచ్చిన వారంలోనే పాత రిజిస్టర్లన్నీ తిరగేసి నన్ను పిలిచింది. "సిస్టర్, రొమ్ములో గడ్డతో వచ్చినవాళ్ళు ఈ మూడేళ్ళలో నలభై ఒక్క మంది. గడ్డ చిన్నగా ఉండగా వచ్చిందెవరు?" అని అడిగింది. ఎవరూ లేరు శేషూ. పగిలి, చీము పట్టి, ఇంట్లోవాళ్ళు వాసన భరించలేకపోయాకనే దాదాపు అందరూ వచ్చారు. ఒకరిద్దరికి ఆపరేషను చేయడం, మిగతావాళ్ళకు కట్టు కట్టి పంపడం తప్ప మేము చేసిందేమీ లేదు. ఆ కట్లు కట్టింది ఈ చేతులే. ఇన్నేళ్ళుగా కడుతున్నానే గానీ, ముందే ఎందుకు రాలేదని ఒక్కరినీ అడగలేదు.

అందుకని డాక్టరమ్మ ప్రతి మంగళవారం ఉదయం ఒక గది కేటాయించింది. తలుపులు మూసి ఉంటాయి. లోపల ఆమె, నేను, వచ్చిన మనిషి, అంతే. జబ్బు ఉండనక్కర్లేదు. ఏమీ లేనివాళ్ళే వచ్చి చేత్తో చూపించుకుని పోవాలి. పది నిమిషాల పని, ఖర్చు లేదు. చుట్టుపట్ల పంచాయతీలన్నిటికీ నేనే నోటీసు రాసి పంపాను. మీ బావగారే ప్రెసిడెంటు కదా, మీ తూర్పుపాళేనికీ ఒకటి వచ్చి ఉండాలి.

నాలుగు మంగళవారాలు గడిచాయి. ఇద్దరు వచ్చారు. ఒకామె మా ఆయా. రెండో ఆమె పన్ను పీకించుకోవడానికి వచ్చి గది తప్పింది.

బడిలో ఇరవై మందిని గోడ దూకించి తిరణాలకు తీసుకుపోయినదానివి నువ్వు. మీ ఊరి ఆడవాళ్ళను ఒక్క గుమ్మం దాటించలేవా?

నీ
జ్యోతి


తూర్పుపాళెం,
చిల్లకూరు పోస్టు,
11-8-1962

జ్యోతికి,

నీ నోటీసు వచ్చింది తల్లీ, వచ్చింది. దానికి పట్టిన గతి విను.

పంచాయతీకి ఏ కాగితం వచ్చినా బావగారు టముకు వేయిస్తారు. శిస్తు గడువైనా అంతే, పశువుల టీకాలైనా అంతే. ఆ రోజు కళ్ళజోడు గూడూరులో బాగుకు ఇచ్చి ఉన్నారు. పైన పెద్ద అక్షరాలతో నువ్వు రాసిన 'అందరికీ తెలియజేయవలెను' అన్న ముక్క మాత్రం చదివి, మిగతాది తలారి హజరత్తయ్యకు గుమస్తా చేత చెప్పించారు. ఆదివారం పొద్దున, మగవాళ్ళంతా అరుగుల మీద ఉన్న వేళ హజరత్తయ్య తప్పెట కొట్టుకుంటూ వీధిలోకి వచ్చాడు.

"ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేసేదేమంటే, మంగళవారం మంగళవారం నెల్లూరు ఆసుపత్రిలో ఆడోళ్ళ రొమ్ములు చూస్తారహో! డబ్బుల్లేకుండా చూస్తారహో!"

నాలుగు వీధులూ తిరిగి మరీ చెప్పాడు. తలుపులన్నీ టపటపా మూసుకున్నాయి. మధ్యాహ్నం దాకా ఒక్క ఆడది బావికి పోలేదు. టీకొట్టు దగ్గర మగవాళ్ళకు వారానికి సరిపడా నవ్వు దొరికింది. హజరత్తయ్యకు వాళ్ళావిడ రెండు రోజులు సంగటి పెట్టలేదు. "నేనేం చేసినానబ్బా, చెప్పమన్నదే చెప్పినా" అని మా పంచలో కూర్చుని ఏడ్చాడు.

ఇంకొకటి. మంగళవారం పెట్టావు చూడు, అదొక తెలివి. మంగళవారం కొత్తగా ఆసుపత్రి గడప తొక్కితే జబ్బు వెంటబడి వస్తుందని మా ఇళ్ళలో ఎవరిని అడిగినా చెబుతారు. మీకు వారాల పట్టింపు లేదు సరే, మా ఇంట్లో ఎన్నిసార్లు అన్నం తిన్నావు, అదైనా గుర్తుండొద్దా?

నవ్వింది చాలు. ఇక్కడి నుంచి చదివాక కాగితం చించెయ్యి.

మా అక్కకు ఉంది. మా తోడికోడలు చెంచులక్ష్మక్కకు. పోయిన శుక్రవారం తలంటు పోసుకుంటూ వీపు రుద్దమంటే రుద్దాను. కుడి చంక కింద, రొమ్ము మొదట్లో, రేగి గింజంత గట్టిగా నా వేలికి తగిలింది. అక్క చటుక్కున నా చెయ్యి తీసేసింది. అడిగితే, ఉగాది నుంచీ ఉందట. నొప్పి లేదట. నొప్పి లేనిదానికి డాక్టరెందుకంటుంది.

అసలు సంగతి అది కాదు. అక్క కూతురు కస్తూరికి సంబంధం చూస్తున్నారు. తల్లికి గడ్డ జబ్బని తెలిస్తే కూతురికీ వస్తుందంటారు, ఎవరూ గడప ఎక్కరని అక్క భయం. పైగా, "నా మొగుడే ఊరంతా టముకు వేయించినాక నేను పోతే, పెళ్ళాం కోసమే వేయించినాడంటారు మే" అంది. కస్తూరి పెళ్ళయ్యేదాకా నోరెత్తనని నా చేత ఒట్టు వేయించుకుంది. నోరెత్తలేదు. ఉత్తరం రాయనని మాత్రం ఒట్టు వేయలేదు.

నాకు భయంగా ఉంది జ్యోతీ. పద్దెనిమిదేళ్ళుగా ఒకే పొయ్యి దగ్గర వండుకుంటున్నాం. ఆమె లేని వంటిల్లు నేను ఊహించుకోలేను.

నీ
శేషు


నెల్లూరు,
16-8-1962

శేషూ,

టముకు సంగతి డాక్టరమ్మకు చదివి వినిపించాను. ఆమె బల్ల మీద తల పెట్టుకుని నవ్వింది. తర్వాత తల ఎత్తి, "తప్పు మనదే సిస్టర్. ఆడవాళ్ళకు చెప్పాల్సిన మాట మగవాళ్ళ చేతిలో పెట్టాము" అంది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ నోటీసు రాసింది నేనే కదా.

మంగళవారం తీసేశాము. ఇక నుంచి బుధవారం. వేరే పరీక్షలకు మంగళవారం వచ్చే పాతవాళ్ళందరినీ కూడా బుధవారానికే మార్చాను. ఇన్నేళ్ళు మీ ఇంటి తిండి తిని ఈ మాత్రం తెలియకపోవడం నా బుద్ధి తక్కువే.

ఇక మీ అక్క సంగతి. నొప్పి లేకపోవడమే నాకు భయం. నొప్పి ఉన్న గడ్డలు చాలావరకు మామూలువి. నొప్పి లేకుండా గట్టిగా, ఉన్నచోటే ఉండేదాన్ని డాక్టరు చూడాల్సిందే. అది ఏమీ కాకపోవచ్చు కూడా. కానీ ఆ మాట చెప్పాల్సింది నువ్వూ కాదు, నేనూ కాదు. రేగి గింజంత ఉన్నప్పుడు మీ అక్కను కాపాడవచ్చు. కస్తూరి పెళ్ళిదాకా ఆగితే కాపాడగలమో లేదో నేను చెప్పలేను. ఒట్టు పోతే పోయింది, మనిషి కావాలి.

ఇక్కడికి వచ్చినవాళ్ళ పేర్లు ఈ గది దాటవు. వచ్చేది ఎవరైనా సరే, నా తోడబుట్టినదానికి కూడా చెప్పను. ఆ మాట ఆమెకు చెప్పు.

జ్యోతి


తూర్పుపాళెం,
9-9-1962

జ్యోతికి,

అక్కను కదిలించలేకపోయాను. "ఊళ్ళో ఒక్కతీ పోలా, నేనే ఎందుకు పోవాల?" అంటుంది. అందుకని ఆలోచించాను. ఆమె ఒక్కతే పోతే జబ్బు మనిషి అవుతుంది. పదిమందీ పోతే తిరణాలకు పోయినట్టు ఉంటుంది. కాబట్టి పదిమందినీ పంపాలి.

మా ఊళ్ళో పిచ్చమ్మ ఉంది, గుర్తుందా? బాలింతలకు నీళ్ళు పోసే ముసలామె. నాకు ఇద్దరు పిల్లలప్పుడూ ఆమే పోసింది. ఊళ్ళో ఆడదాని ఒళ్ళు ఆమె చేతికి తెలియంది లేదు. ఆమె చెబితే వింటారని వెళ్ళి అడిగాను. ముందు మండిపడింది. "నా చేతికి తెలియంది ఆ పిల్ల డాక్టరుకేం తెలుస్తాదే?" అంది. సరే, ఆ డాక్టరు చెయ్యి ఎలాంటిదో నువ్వే పోయి చూసి రా, చేతకాని చెయ్యైతే ఊరికి వచ్చి చెప్పు, ఇక ఎవరినీ పంపను అన్నాను. ఆ మాటకు ఆమె మెత్తబడింది. ఈ బుధవారం మొదటి బస్సుకు వస్తుంది. గూడూరులో రైలు ఎక్కించి వస్తాను. పరీక్ష చేయబోయేది ఆమే అనుకుంటోంది, మీ డాక్టరమ్మను కాస్త సర్దుకోమను.

కస్తూరికి సంబంధం దాదాపు కుదిరింది. కోవూరు రంగనాయకులు గారి పెద్దబ్బాయి. పన్నెండు ఎకరాల మాగాణి, పిల్లవాడు బుద్ధిమంతుడు. పిల్లవాడి తల్లి కామాక్షమ్మగారు పిల్లను చూడ్డానికి వచ్చి ఎక్కువ మాట్లాడలేదు. ఒళ్ళంతా పైట నిండుగా కప్పుకుని పద్ధతిగా కూర్చున్నారు. ఆమె చాలా పట్టింపు మనిషని అక్కకు హడలు. ఆమె కంట్లో పడకుండా ఈ గడ్డను ఎలా దాచాలా అని చూస్తోంది. నీకు కోవూరు వాళ్ళు చాలామంది తెలుసు కదా, వీళ్ళ గురించి ఏమైనా విని ఉంటే రాయి.

శేషు


నెల్లూరు,
14-9-1962

ప్రియమైన శేషూ,

మీ పిచ్చమ్మ వచ్చింది, జయించింది. లోపలికి రాగానే డాక్టరమ్మ చేతులు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "చల్లగా ఉండాయి. ఆడదాన్ని తాకే ముందర చేతులు వెచ్చజేసుకోవాలని నీకెవరూ చెప్పలేదా?" అంది. డాక్టరమ్మ వెంటనే వేడినీళ్ళు తెప్పించుకుంది. ఆ రోజు నుంచి ఆ గదిలో ఎప్పుడూ వేడినీళ్ళ చెంబు ఉంటోంది.

పరీక్ష అయ్యాక పిచ్చమ్మ పైట సర్దుకుని డాక్టరమ్మ చేతులు మళ్ళీ పట్టుకుంది. తర్వాత, "ఇట్టాంటి గడ్డలు ముగ్గురికి నా చేతికి తగిలినాయమ్మా. ఏందో అనుకున్నా. ముగ్గురికీ బాలింత నీళ్ళు నేనే పోసినా, ఆఖరి నీళ్ళూ నేనే పోసినా" అని ఏడ్చింది. డాక్టరమ్మ ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, ఏ గడ్డ ఎలా ఉంటే పంపాలో గంటసేపు నేర్పింది. ఎవరు ఎవరికి నేర్పుతున్నారో నాకు తెలియలేదు.

సంబంధం గురించి అడిగావు. నేను చెప్పగలిగింది ఏమీ లేదు.

జ్యోతి


తూర్పుపాళెం,
4-11-1962

జ్యోతికి,

పిచ్చమ్మ వచ్చిన రోజే ఊరంతా చెప్పింది. "చెయ్యి మంచిది. గట్టిగా పిసకదు, మెల్లిగా చూస్తాది. నేను నీళ్ళు వెచ్చజేయించినా" అని. ఇప్పుడు ఎవరికి తలంటు పోసినా ఆమె చెయ్యి రెండుసార్లు తిరుగుతోంది. పోయిన నెలలో తొమ్మిది మంది వచ్చారు కదా, నీకు తెలుసు. ఎవరికీ ఏమీ లేదని తెలిసి, తిరిగి వచ్చేటప్పుడు నెల్లూరు బజారులో గాజులు వేయించుకుని వచ్చారు. ఇప్పుడు మా ఊళ్ళో 'బుధవారానికి పోయివస్తా' అంటే ఎక్కడికని ఎవరూ అడగరు. మగవాళ్ళు మాత్రం అదేదో నోము అనుకుంటున్నారు. అనుకోనీ.

కానీ ఎవరి కోసం ఇదంతా మొదలుపెట్టానో ఆమె కదలలేదు. ఊరంతా పోయినా ఆమె పోనంటుంది. గడ్డ పెరిగింది జ్యోతీ. ఇప్పుడు కుంకుడుకాయంత ఉంది. అందుకే నీ మీద కోపంగా ఉన్నా కూడా ఉత్తరం రాస్తున్నాను.

కోపం ఎందుకంటావా? కోవూరు వాళ్ళ గురించి అడిగితే నాలుగు పొడి మాటలు రాసి ఊరుకున్నావు. నువ్వు పొడిగా మాట్లాడే మనిషివి కావు. ఏదో తెలిసే దాస్తున్నావు. పిల్లవాడు తాగుతాడా? ఎక్కడైనా మరో సంసారం ఉందా? ఆ ఇంట్లో పిచ్చివాళ్ళున్నారా? నీ ఉత్తరం వచ్చినప్పటి నుంచి నాకు అన్నం సహించడం లేదు. నిజం చెప్పు. లేదంటే బావగారితో చెప్పి సంబంధం వద్దనిపిస్తాను.

శేషు


నెల్లూరు,
8-11-1962

శేషూ,

సంబంధం వదులుకోవద్దు. పిల్లవాడి మీదా ఆ ఇంటి మీదా చెడ్డ మాట ఒక్కటి కూడా నేను వినలేదు. దేవుని ఎదుట రాస్తున్నాను. ఇంతకు మించి అడగకు. నువ్వు నన్ను చిన్నప్పటి నుంచి ఎరుగుదువు. నేను నోరు మూసుకున్నానంటే దానికి కారణం ఉంటుంది, ఆ కారణం నీకు కీడు చేసేది కాదు.

కుంకుడుకాయంత అన్నావు. ఇక ఆగకు. ఆమె తన కోసం రాదు. నీ కోసం వస్తుందేమో అడుగు. నువ్వు ఇంతమందిని పంపావే గానీ, నా రిజిస్టరులో నీ పేరు లేదు. ముందు నువ్వు రా. భయంగా ఉంది తోడు రమ్మని మీ అక్కను అడుగు. అది అబద్ధం కూడా కాదనుకుంటాను.

జ్యోతి


తూర్పుపాళెం,
30-11-1962

జ్యోతీ, ఓసి గుండెలు తీసిన దానా,

మొన్న బుధవారం నీతో మాట్లాడటానికి కుదరలేదు. నువ్వు లోపలికీ బయటికీ తిరుగుతూ నా కంట్లో కన్ను పెట్టకుండా తప్పించుకున్నావు. కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

నీ మాట ప్రకారమే అక్కను తోడు పిలిచాను. "నాకు గుండె దడగా ఉందక్కా, నువ్వు పక్కన ఉంటే చాలు" అంటే వెంటనే చీర మార్చుకుని బయలుదేరింది. నా దడ నిజమే. నా పరీక్ష అయి, ఏమీ లేదని డాక్టరమ్మ చెప్పింది. బయటికి వచ్చి, "అయిపోయిందక్కా, చీమ కుట్టినంత కూడా లేదు. ఇంతదూరం వచ్చాం, నువ్వూ చూపించుకో" అన్నాను. అక్క బల్లను రెండు చేతులా పట్టుకుంది. "తోడు రమ్మంటివి, వచ్చినా. ఇంక పదమే, బస్సు పోతాది" అంది. నేను చెప్పాను, నువ్వూ వచ్చి చెప్పావు. లేవలేదు.

అప్పుడు వరండా చివర నుంచి ఒకామె ముసుగు లాక్కుంటూ వచ్చి, తల ఎత్తకుండానే మా బల్ల అంచున కూర్చుంది. చూద్దును కదా, కోవూరు కామాక్షమ్మగారు! అక్క ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఆమె ముఖంలోనూ లేదు. ముగ్గురం కాసేపు గోడ మీది కేలండరు చూశాం.

"తెలిసినోళ్ళకు బాగలేకుంటే చూసిపోదామని వచ్చినా" అని అక్క అంది.

"నేనూ అంతే వదినా" అని ఆవిడ అన్నారు.

అంతటితో అయిపోయేదే. కానీ అప్పుడే మీ ఆయా బయటికి వచ్చి, "చెంచులక్ష్మమ్మ ఎవరు? చూపించుకుంటారా, పోతారా?" అని కేకేసింది. అక్క కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. లేచి, చేతులు జోడించి, "వదినా, నీ కాళ్ళు పట్టుకుంటా. ఇది నా ఒంట్లోదే, నా బిడ్డకు ఏ రోగమూ లేదు. నన్ను చూసి దాన్ని కాదనబాకండి" అంది. నాకు నేల చీలితే బాగుండుననిపించింది. ఆ మాట అనకుండా ఆపడానికే కదా ఇన్నాళ్ళూ ఇంత చేసింది.

ఆవిడ అక్క జోడించిన చేతులు విడదీశారు. తర్వాత అటూ ఇటూ చూసి అక్కను దగ్గరికి లాక్కున్నారు. అక్క చెయ్యి పట్టుకుని తన పైట కింద, ఎడమవైపు పెట్టుకున్నారు. అక్క ఉలిక్కిపడింది. అక్కడ ఏమీ లేదు జ్యోతీ. గుడ్డ ఉండ ఒకటి, దాని కింద చదునుగా పక్కటెముకలు.

"పోయిన సంవత్సరం వైశాఖంలో తీసేసినారు. ఏడాదిన్నర దాటింది. చూడు, నడుస్తా ఉండా, తింటా ఉండా, నీ బిడ్డను కోడల్ని చేసుకునేదానికి వచ్చినా. ఇంట్లో మా ఆయనకు తప్ప ఎవరికీ తెలీదు. ఇప్పుడు మీకు తెలిసింది. పిల్లనివ్వం అంటే మానేస్తాను, నీ ఇష్టం. కానీ ముందు లోపలికి పో వదినా. నేను ఇంకొక్క నెల ఆలస్యం చేసుంటే ఈ మాట చెప్పేదానికి ఉండేదాన్ని కాదంట" అన్నారు.

అక్క ఆవిడ ముఖంలోకి చూసింది. కళ్ళు తుడుచుకుని తలుపు తీసుకుని లోపలికి పోయింది. నేను ఇన్ని నెలలు ఊరంతా తిరిగి చేయలేనిది ఆవిడ ఒక్క నిమిషంలో చేశారు.

ఆవిడ తన కొడుకు సంబంధాన్నే పణంగా పెట్టి ఆ చెయ్యి పట్టుకున్నారు. అది తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్ళు జలదరిస్తోంది.

నీకు ముందే తెలుసు కదా? ఆ పొడి మాటల అర్థం ఇదే కదా?

సాయంత్రం అక్క బావగారికి చెప్పింది. ఆయన చాలాసేపు పంచలో నిలబడి, "నా ఇంట్లోనే ఉంటే, నేను ఊరందరికీ టముకు వేయించినానే" అని కండువాతో ముఖం కప్పుకున్నారు. సోమవారం ఆపరేషనుకు ఆయనే తీసుకువస్తారు.

శేషు


నెల్లూరు,
10-1-1963

ప్రియమైన శేషూ,

అవును, తెలుసు. ఆపరేషను రోజు కామాక్షమ్మగారి పక్కన ఉన్నది నేనే. ఇప్పుడు ఆమే నీకు రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. నువ్వు ఆ ఇంటి పేరు రాసినప్పుడు నాకు చెమటలు పట్టాయి. మంచివాళ్ళని రాస్తే ఎలా తెలుసని అడుగుతావు. ఏమీ రాయకపోతే అనుమానిస్తావు. ఏం చేసినా తప్పే అయింది. పైగా, పాతవాళ్ళను మంగళవారం నుంచి బుధవారానికి మార్చి ఇద్దరినీ ఒకే బల్ల మీదికి తెచ్చింది నేనే. ఆ రోజు ఆమెను వరండాలో చూసి, మందుల సీసా చేతిలోంచి జారవిడిచాను. మీ అక్క పరువూ, ఆమె పరువూ, ఒక పెళ్ళీ నా తెలివితక్కువతనం వల్ల పోయాయనుకుని మందుల గదిలోకి పోయి ప్రార్థన చేసుకున్నాను. నీ కంట్లో కన్ను పెట్టకపోవడానికి అదే కారణం.

ఇక అసలు కబురు. మీ అక్కకు తీసిన ముక్కను రాయవేలూరు పంపాము కదా, నిన్న కాగితం వచ్చింది. అది చెడ్డ గడ్డే. కానీ చంకలో గ్రంథులకు పాకలేదు. ఒక్కటంటే ఒక్కదానికి కూడా పాకలేదు. ఆ కాగితం చదివి డాక్టరమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది. "సిస్టర్, ఈ గదిలో నేను మొదటిసారి సమయానికి అందుకున్న మనిషి ఈమె" అంది. నేను ఏడ్చాను. ఇన్నేళ్ళు కట్లు కట్టిన చేతులతో మొదటిసారి ఒక మంచి కాగితం పట్టుకున్నాను శేషూ.

ఇక ముందు ఆమె మూడు నెలలకొకసారి రావాలి. కుడి చెయ్యి బిగుసుకుపోకుండా రోజూ గోడ దగ్గర నిలబడి, వేళ్ళతో గోడ మీద పైపైకి పాకించాలి. ఎంత ఎత్తు వెళ్ళిందో బొగ్గుతో గీత గీయమను. ఏడుస్తుంది, అయినా వదలకు. నువ్వు వదిలే మనిషివి కావని నాకు తెలుసు.

జ్యోతి


తూర్పుపాళెం,
14-5-1963

జ్యోతికి,

పెళ్ళికి నువ్వు రాలేదు. ఆ రోజు డ్యూటీ పడిందని కబురు పెట్టావు. సరే, క్షమించాను. జరిగింది మాత్రం నువ్వు చూసి ఉండాల్సింది. అందుకే పందిట్లో ఉన్నట్టు రాస్తాను.

గురువారం ఉదయం ముహూర్తం. అక్క చెయ్యి తల వరకు లేస్తోంది, కానీ బరువు పట్టి ఎక్కువసేపు నిలపలేదు. కన్యాదానంలో బావగారు అల్లుడి కాళ్ళు కడుగుతుంటే, అక్క చెంబుతో నీళ్ళు పోయాలి కదా. ఎడమ చేత్తో పోస్తే బాగుండదని ఆమె పట్టుదల. నాలుగు నెలలుగా దానికోసమే చెంబులో నీళ్ళు నింపి అభ్యాసం చేసింది. ముందు సగం చెంబు, తర్వాత ముప్పావు, తర్వాత నిండు చెంబు. అయినా ఆ రోజు వెండి చెంబు బరువో, అంతమంది చూస్తున్నారనో, మంత్రం సగంలో ఉండగానే చెయ్యి వణికింది. నీళ్ళు అల్లుడి పంచె మీద పడ్డాయి.

అప్పుడు అటువైపు కూర్చున్న కామాక్షమ్మగారు లేచి వచ్చారు. పిల్లవాడి తల్లి పిల్ల తల్లి పక్కకు రావడం ఎక్కడైనా ఉందా? ఆవిడ వచ్చి అక్క మోచేతి కింద తన చెయ్యి పెట్టి ఎత్తి పట్టుకున్నారు. పురోహితుడు మంత్రం ఆపాడు. పందిట్లో గుసగుస మొదలైంది. మా మేనత్త ఒకామె ఉంది, ఎక్కడ ఏ సంగతి దొరికినా వదలదు. "ఏమ్మే చెంచులక్ష్మీ, చేతికేమైంది?" అని పందిరంతా వినపడేట్టు అడిగింది.

కింద పడ్డానని చెప్పాలని మేము ముందే అనుకున్నాం. కస్తూరి తల వంచుకుని ఉంది. బావగారు కాళ్ళ పళ్ళెం మీంచి తల ఎత్తలేదు.

అక్క చెంబు దించలేదు. "రొమ్ములో గడ్డొచ్చింది అత్తా. కోసి తీసేసినారు. ముదరకముందే పోయినా కాబట్టి బతికినా, నా బిడ్డ కాళ్ళకు పారాణి చూసినా" అంది.

నాదస్వరం వాళ్ళు కూడా ఆపేశారు. అప్పుడు కామాక్షమ్మగారు అక్క మోచెయ్యి వదలకుండానే, కొడుకు ముందరే, వియ్యాలవారి ముందరే, "నాకూ తీసేసినారు" అన్నారు. అని పురోహితుడి వైపు తిరిగి, "మీరు కానీయండి స్వామీ, ముహూర్తం పోతాది" అన్నారు.

ఇద్దరూ కలిసి ఆ చెంబులో నీళ్ళు చివరి చుక్క దాకా పోశారు.

భోజనాల దగ్గర ఎవరూ పప్పు గురించి మాట్లాడలేదు, నెయ్యి గురించి మాట్లాడలేదు. పెరట్లో అరిటాకులు కడిగే చోట ఆడవాళ్ళు అక్క చుట్టూ చేరి, ఎక్కడ తగిలింది, ఎట్లా ఉండింది, నొప్పి ఉందా లేదా అని ఒకరి తర్వాత ఒకరు అడిగారు. అక్క తన వేళ్ళతో చూపించి చెప్పింది. మా మేనత్త అందరికంటే వెనక నిలబడి, అందరూ పోయాక అక్క దగ్గరికి వచ్చింది. "నాకూ ఒకటి ఉండాదే, మూణ్ణెల్లుగా" అంది మెల్లిగా.

రేపు బుధవారం. ఆమెను తీసుకుని అక్కే వస్తోంది, ఈ ఉత్తరమూ అక్క చేతికే ఇచ్చి పంపుతున్నాను. నన్ను రావద్దంది, ఇంట్లో కొత్త అల్లుడికి వండిపెట్టమంది. వాళ్ళతో పాటు ఇంకా పదమూడు మంది ఉన్నారు. వేడినీళ్ళు కాస్త ఎక్కువగా పెట్టించు.

నీ
శేషు